తొలకరి పలుకులు

తెలుగు రైతు సంవత్సరాన్ని నెలలతో కంటె కార్తెలతోనే ఎక్కువగా కొలుస్తాడు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో సుమారు పదమూడున్నర రోజులు ఉంటాడు. ఆ లెక్కన ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. మే నెల చివరి వారంలో వచ్చే రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తుంది. మరో రెండు వారాలకు ఆరుద్ర. జూన్ 1 ప్రాంతంలో కేరళ తీరాన్ని తాకే నైరుతి ఋతుపవనం సాధారణంగా ఆ తర్వాతి వారం పది రోజుల్లో తెలంగాణకు చేరుకుంటుంది. మృగశిర నాడు మన ఇళ్లలో చేపల కూర వండుతారు. కొందరు ఇంగువను బెల్లంలో పెట్టి మింగుతారు. ఎండకు అలవాటుపడిన ఒళ్లు వానను తట్టుకోవాలని పెద్దల ఉద్దేశం.

పెద్దవాళ్ల ఒంటికే ఇంత ఉపచారం అవసరమైతే, భూమి మీదికి వచ్చి ఇరవై నెలలు మాత్రమే అయిన ప్రాణికి ఈ సంధికాలం ఎట్లా ఉంటుంది? 2024 మృగశిరలో ఆ సంగతిని దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది.

మా ఇల్లు హనుమకొండలో. మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించిన తర్వాత ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు ఇరవై ఆరు వారాల సెలవు లభిస్తున్నది. మా అమ్మాయికీ అంత సెలవు దొరికింది. ఆ సెలవు ముగిసిన నాటి నుంచి పాప మా దగ్గరే పెరిగింది. ప్రతి శనివారం రాత్రి తల్లిదండ్రులు కాజీపేటలో రైలు దిగి వచ్చేవారు. సోమవారం తెల్లవారకముందే, పాప నిద్రలో ఉండగానే, వెళ్లిపోయేవారు. లేచిన తర్వాత పాప ఒక్కొక్క గదికి వెళ్లి తలుపుల వెనుక చూసేది. వాళ్లు దాగుడుమూతలు ఆడుతున్నారని ఆమె నమ్మకం.

ఆ జూన్ నెలాఖరుకు పాపను హైదరాబాదు తీసుకుపోవాలని నిశ్చయమైంది. మా అమ్మాయి కార్యాలయానికి సమీపంలో పసిపిల్లలను చూసుకొనే కేంద్రం ఒకటి కుదిరింది. ఆకాశంతోపాటు మా ఇల్లు కూడా మారవలసిన నెల అది.

మొదటి వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. పాప వసారాలో కూర్చుని ఉన్నది. క్రిందటి వానకాలంలో ఆమె ఎనిమిది నెలల పసికందు. ఆ వానలు గుర్తుండే వయసు కాదు. కనుక ఆకాశం నుంచి నీళ్లు పడడం ఆమెకు అదే మొదటిసారి అనుకోవాలి. చూరు నుంచి జారుతున్న ధారను గుప్పిట పట్టుకొన్నది. గుప్పిట విప్పితే ఏమీ లేదు. మళ్లీ పట్టుకొన్నది. ఇట్లా ఇరవై సార్లయినా జరిగి ఉంటుంది. మనమైతే రెండోసారికే విసుగు చెంది లోపలికి పోయేవాళ్లం.

వాన వెలిసిన తర్వాత పెరట్లో మట్టి వాసన లేచింది. మేము చూసేలోగా ఆ మట్టి పాప నోట్లోకి చేరింది. పోతన భాగవతం దశమ స్కంధంలో, మన్ను తిన్న బాలకృష్ణుని నోట యశోదకు బ్రహ్మాండం కనిపించిన ఘట్టాన్ని మూడు దశాబ్దాలుగా తరగతిలో చెబుతున్నాను. ఆ మహాకవి పేరులోని బమ్మెర మా ఊరికి చాలా దూరమేమీ కాదు. నేను తెరిపించిన నోటిలో మాత్రం పద్నాలుగు పళ్లు, వాటి సందుల్లో ఎర్రమట్టి కనిపించాయి. అయినా ఆ మట్టి పెదవులతోనే పాప నన్ను చూసి నవ్వినప్పుడు, ఆ ఘట్టంలో యశోద కోపం ఎందుకు నిలువలేదో నాకు మొదటిసారి తెలిసింది. మీ ఇళ్లలో పసివారు ఎప్పుడో ఒకసారి మట్టి తింటే కంగారు పడనవసరం లేదు. అదే పనిగా తింటుంటే మాత్రం వైద్యునికి చూపించాలి. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఆ అలవాటు తరచుగా కనిపిస్తుంది.

ఇక పలుకుల సంగతి. పిల్లలు మొదట పెదవులతో పలికే ధ్వనులను పట్టుకొంటారు. పెదవులు కలవడం, విడిపోవడం కంటికి కనిపిస్తుంది. అమ్మ, పాప, బువ్వ, మామ అనే మాటలన్నీ ఆ కోవకు చెందినవే. తాత, అత్త వంటి దంత్యాల మాటలు కూడా వెనువెంటనే వస్తాయి. రేఫ, ళకారం వంటివి చాలా ఆలస్యంగా నోటికి లొంగుతాయి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. ఆయన ఉద్దేశించిన బాలురు మా పాప కంటె చాలా పెద్దవారు. మా పాప వ్యాకరణం వేరు. కుర్చీ ఆమెకు "కుచ్చీ". చెప్పులు "తెప్పు". ఒకనాడు నా బల్ల మీది గ్రంథాన్ని చూపి "పొత్తం" అన్నది. పుస్తకం అనబోయి, కష్టమైన సంయుక్తాక్షరాన్ని ద్విత్వం చేసి, మరొక అక్షరాన్ని మింగివేసింది. పుస్తకానికి వికృతి పొత్తము అని మీరు చదువుకొన్నారు. అగ్ని అగ్గి కావడంలో, భక్తి బత్తి కావడంలో ఉన్నదీ ఈ సౌకర్యమే. ఎన్నో తరాల జనం నాలుకలు చేసిన పనిని ఇరవై నెలల నాలుక ఒక్క మధ్యాహ్నంలో చేసి చూపింది. మరునాడు తరగతిలో ప్రకృతి వికృతులు చెబుతూ నాలో నేను నవ్వుకొంటే విద్యార్థులు వింతగా చూశారు.

అయితే ఒక్క మాట విషయంలో మాత్రం నవ్వుకోలేకపోయాము. ఆ మాట "అమ్మమ్మ". ఆ వయసు పిల్లలకు రెండక్షరాల మాటలు సుఖం. మా పాప నా శ్రీమతిని "అమ్మ" అని పిలిచేది. కన్నతల్లినీ "అమ్మ" అనే పిలిచేది. వారంలో అయిదు రోజులు ఇంట్లో ఒక్కతే అమ్మ. సెలవు రోజుల్లో ఇద్దరు. ఒక శనివారం రాత్రి మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చేతులు చాచి, "అమ్మ దగ్గరికి రా తల్లీ" అన్నది. పాప వెనుదిరిగి వంటింట్లోకి పరుగెత్తి నా శ్రీమతి చీర కుచ్చెళ్లలో ముఖం దాచుకొన్నది. చాచిన చేతులు కాసేపు అట్లాగే ఉండిపోయాయి. వంటింట్లో నుంచి కూడా మాట రాలేదు. ఏదో ఒకటి చెప్పి ఆ నిశ్శబ్దాన్ని పోగొట్టాలని నేను వ్యాకరణం ఎత్తుకొన్నాను.

"అమ్మమ్మ అంటే అమ్మ యొక్క అమ్మ. షష్ఠీ తత్పురుష సమాసం. పిల్ల ఆ రెండింటిలో ఒకదాన్ని విడిచిపెడుతున్నది, అంతే" అన్నాను.

మా అమ్మాయి భుజం మీది సంచి దించుతూ, "విడిచిపెట్టింది ఏ అమ్మను నాన్నా?" అని అడిగింది.

ముప్పై ఏళ్లుగా సమాసాలకు విగ్రహవాక్యాలు చెబుతున్న నా దగ్గర దానికి జవాబు లేదు.

మృగశిర రెండో వారంలో పాపకు విరేచనాలు పట్టుకొన్నాయి. తొలకరిలో ఇది పసిపిల్లలున్న ఇళ్లకు తెలిసిన భయమే. వాననీరు మురుగుతో కలిసి తాగునీటి గొట్టాల్లోకి చేరుతుంది. ఈగలు పెరుగుతాయి. చేతికందినదల్లా నోట్లో పెట్టుకొనే వయసు. మధ్యాహ్నానికి ఆరు విరేచనాలయ్యాయి. ఉదయం నుంచి వాగిన నోరు మూతపడింది. లంఘనం పరమౌషధమని నా శ్రీమతి నమ్మకం. కడుపుకు విశ్రాంతి ఇవ్వాలని, సాయంత్రం దాకా ఏమీ పెట్టవద్దని అన్నది. ఫోనులో మా అమ్మాయి గొంతు పెరిగింది.

"అట్లా ఎండగట్టకు అమ్మా! ఓఆర్ఎస్ తాగించు. అన్నం మాన్పించకు."

"నిన్ను పెంచినప్పుడు నాకెవరు చెప్పారే?"

"అప్పుడు మన అదృష్టం బాగుంది."

ఫోను పెట్టేసిన తర్వాత నా శ్రీమతి చాలాసేపు పాప ప్రక్కనే కూర్చుండిపోయింది. ఆమెకొక తమ్ముడుండేవాడని, రెండేళ్ల వయసులో పోయాడని నాకు తెలుసు. ఎట్లా పోయాడో ఆనాడే చెప్పింది. ఇదే జబ్బు. ఇంట్లో పెద్దలు రెండు రోజులు పాలూ అన్నమూ మాన్పించారు. నీళ్లు కూడా చెంచాలతో లెక్కపెట్టి పోశారు. ప్రేమ లేక చేసిన పని కాదది. ఇంతవరకు చెప్పి, లేచి పొయ్యి మీద గంజి పెట్టింది.

పిల్లల వైద్యుడు పాప పొట్టమీది చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలి చూశాడు. ఏడిస్తే కన్నీరు వస్తున్నదా, ఎన్ని గంటల క్రితం మూత్రం పోసింది అని అడిగాడు. ఒంట్లో నీరు తగ్గితే చర్మం మెల్లగా వెనక్కి పోతుంది. కళ్లు లోతుకు పోతాయి. పిల్ల మగతగా పడి ఉండి, ఏమీ తాగలేకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్చాలి. మా పాప ఆ స్థితికి రాలేదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో పొట్లం మొత్తం ఒకేసారి కలపాలని, కలిపిన నీటిని ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలని, రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలని వైద్యుడు చెప్పాడు. పద్నాలుగు రోజులు జింకు మాత్ర వేయమన్నాడు. గంజి సంగతి నేను సందేహిస్తూ అడిగాను. ఉప్పు వేసిన గంజి మంచిదే, మానవద్దు అన్నాడు.

దీనికి కారణం తెలుసుకోదగినది. పేగుల్లో గ్లూకోజు, ఉప్పులోని సోడియం జంటగా లోపలికి పోతాయి. ఆ జంట వెంట నీరు కూడా పోతుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ ద్వారం మూతపడదు. ఓఆర్ఎస్‌లో ఉన్న రహస్యమంతా ఇదే. గంజిలోని పిండిపదార్థం కూడా పేగుల్లో గ్లూకోజుగానే మారుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. నరాలకు ఎక్కించే సెలైను నిండుకొన్నది. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. 2022లో ఆయన మరణించగా, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. లక్షల ఇళ్లలో బిడ్డలను నిలిపిన ఆ మనిషి పేరు మన తల్లులకు ఇంకా తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మా అమ్మాయి ఆ రాత్రి రైలుకే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి నేరుగా పాప మంచం దగ్గరికి వెళ్లింది. నా శ్రీమతి చేతిలోని చెంచా ఆమెకిచ్చి కొంచెం జరిగి కూర్చుంది. పగటి మాటలను ఎవరూ ఎత్తలేదు. సగం రాత్రి ఒకరు, సగం రాత్రి ఒకరు మేలుకోవాలని అనుకొన్నారు గాని ఇద్దరూ నడుం వాల్చలేదు. తెల్లవారుజామున పాప గట్టిగా ఏడ్చింది. బుగ్గల మీద కన్నీళ్లు జారాయి. కన్నీళ్లు చూసి ముగ్గురు మనుషులు సంతోషించిన ఉదయం మా ఇంట్లో అదొక్కటే.

ఆ తర్వాతి రోజులు తొందరగా గడిచాయి. మా అమ్మాయి సెలవు పెట్టి తల్లి దగ్గర పాఠం నేర్చుకొన్నది. కన్నబిడ్డను గురించి నేర్చుకోవలసి రావడం ఆమెకు కష్టంగానే ఉన్నా దాచుకోలేదు. పాప ఎడమ భుజం మీద వేసుకొంటేనే నిద్రపోతుంది. పప్పన్నం మెత్తగా మెదిపి ఆఖరున నెయ్యి వేయాలి, ముందే వేస్తే ఉమ్మేస్తుంది. ఉరుము వినిపిస్తే చెవులు మూయకూడదు, ఆకాశం చూపించి మాట్లాడాలి. నా శ్రీమతి పాడే జోలలో అన్నమాచార్యుని చరణం ఒకటుంది, ఆ తర్వాతిదంతా ఆమె సొంత కల్పన. అయిదు శతాబ్దాలకు పైబడిన పాటలో మా వీధి కుక్క పేరు కూడా చేరింది. దాన్ని మా అమ్మాయి ఫోనులో రికార్డు చేసుకొన్నది. ఏ ముక్క ఎవరిదో విడదీసి చెప్పబోయి, అనవసరమని ఊరుకొన్నాను.

ప్రయాణానికి ముందురోజు ఆరుద్ర పురుగులు కనిపించాయి. తొలి వానల తర్వాత నేలలో నుంచి వచ్చే ఈ ఎర్రని ప్రాణిని పురుగు అంటున్నాము గాని దీనికి కాళ్లు ఎనిమిది. సాలీడు జాతికి దగ్గరి చుట్టం. పాప దాన్ని చూపుడువేలితో తాకింది. అది కాళ్లు ముడుచుకొన్నది. పాప కూడా వేలు ముడుచుకొన్నది. తర్వాత "పువ్వు" అన్నది. మేమెవరమూ సరిదిద్దలేదు.

జూన్ 30 ఆదివారం వాళ్లు బయలుదేరారు. సోమవారం ఉదయం నేను కళాశాలకు వెళ్లేటప్పుడు చూస్తే, నా శ్రీమతి ఏ పనీ లేకుండానే తలుపు వెనుక ఊడ్చుతున్నది.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. హైదరాబాదులో నాలుగో అంతస్తు కిటికీ. బయట వాన పడుతున్నది. పాప కిటికీ వైపు చేయి చూపి "వాన" అన్నది. మా అమ్మాయి ఫోనును దగ్గరగా పెట్టి, "ఎవరో చూడు" అన్నది. పాప తెరమీద నా శ్రీమతి ముఖాన్ని చూసింది. తనను ఒడిలో కూర్చోబెట్టుకొన్న తల్లిని ఒకసారి తల తిప్పి చూసింది. మళ్లీ తెర వైపు తిరిగి, మూడక్షరాలనూ కూడబలుక్కొని, "అమ్మమ్మ" అన్నది.

మా అమ్మాయి నావైపు చూసింది. నా శ్రీమతి "ఏమ్మా" అని పలికి, ఫోను నా చేతికిచ్చి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్లింది. అప్పటికింకా పొయ్యి వెలిగించలేదు.