ముష్టి ఏది? చిల్ల ఏది?

అరకు, పాడేరు కొండల్లో అన్నదమ్ముల్లాంటి రెండు చెట్లున్నాయి: ముష్టి, చిల్ల. రెండూ స్ట్రిక్నాస్ ప్రజాతివే. రెండింటి ఆకులూ ఎదురెదురుగా ఉంటాయి, ఈనెలూ దాదాపు ఒకేలా తేలి కనిపిస్తాయి. చిల్లగింజని అరగదీసి నీళ్లలో కలిపితే బురద అడుక్కి దిగుతుంది. మన నీటిశుద్ధి పాఠంలో పటిక చేసే పనే అది. ముష్టిగింజ లోపలికెళితే మాత్రం కండరాలు బిగుసుకుపోయి, ఊపిరాడక ప్రాణం పోవచ్చు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) గిరిజనుల దగ్గర ఈ రెండు గింజలూ కొంటుంది.

గింజ చేతిలో ఉన్నంతసేపూ భయం లేదు. ముష్టిగింజ బొత్తాంలా చదునుగా, పట్టులాంటి నూగుతో ఉంటుంది. చిల్లగింజ చిన్నది, గుండ్రన. మన్యం పెద్దలకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కంతా పొడి చేశాకే. అప్పుడు రసాయనమే సాక్షి.

మా కెమికల్ బ్రాంచి వాళ్లకి మొదట గుర్తొచ్చేది డ్రాగెండార్ఫ్ పరీక్ష. ఆల్కలాయిడ్ ఉంటే నారింజ రంగు అవక్షేపం వస్తుంది. కానీ చిల్లలోనూ డయాబోలిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది! కాబట్టి "ఆల్కలాయిడ్ ఉందా?" అని అడిగితే లాభం లేదు. "ఏ ఆల్కలాయిడ్?" అని అడగాలి.

ముష్టిలో ముఖ్యమైనవి రెండు: స్ట్రిక్నిన్, బ్రూసిన్. స్ట్రిక్నిన్ బెంజీన్ వలయానికి పక్కపక్కనే రెండు మిథాక్సీ గుంపులు తగిలిస్తే బ్రూసిన్. గాఢ నైట్రిక్ ఆమ్లం ఆ చోటునే ఆక్సీకరించి క్వినోన్‌గా మారుస్తుంది, ఎర్రరంగు వస్తుంది. స్ట్రిక్నిన్‌కి ఆ గుంపులు లేవు కాబట్టి ఆ ఎరుపూ రాదు. అంటే అసలు హంతకుణ్ణి వాడి తమ్ముడి ద్వారా పట్టుకుంటున్నామన్నమాట.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 1818లో స్ట్రిక్నిన్‌ని వేరుచేసిన పెల్టియే, కావంటూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలే మరుసటి ఏడు బ్రూసిన్‌నీ ఒక బెరడులోంచి తీశారు. అది బ్రూసియా అనే చెట్టు బెరడనుకుని ఆ పేరు పెట్టారు. తీరా చూస్తే అది ముష్టి బెరడే! పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

అయితే ఒక్క రంగునే నమ్మకూడదు. నైట్రిక్ ఆమ్లంతో మార్ఫిన్ కూడా ఎర్రబడుతుంది. స్టానస్ క్లోరైడ్ కలిపితే బ్రూసిన్ ఎరుపు ఊదాగా మారుతుంది, మార్ఫిన్ ఎరుపు మారదు. పొడిలో ముష్టి మరీ కొంచెమే కలిస్తే రంగు కంటికి ఆనకపోవచ్చు. అప్పుడు తెలిసిన నమూనాలను పక్కన పెట్టి పలుచని పొర క్రొమటోగ్రఫీ చేయాలి, లేదా హెచ్‌పీఎల్‌సీకి పంపాలి. ఇవన్నీ ల్యాబ్‌లో, ఫ్యూమ్ హుడ్ కింద చేసే పనులు. హాస్టల్ గదిలో కాదు.

నాకు అర్థమైంది ఇంతే: ఎర్రబడితే ఆ పొడి ముట్టుకోవద్దు, ఎర్రబడకపోతే ఇంకా ఏమీ తేలలేదని లెక్క. అన్నిటికంటే తేలిక మార్గం, చిల్లని పొడిగా కాకుండా గింజగానే కొనడం.