మల్లుని వాదము

భట్టిప్రోలులో ఒకనిపై దొంగతనము మోపబడినదనుకొందము. నేరమును రుజువు చేయవలసినది ప్రభుత్వ పక్షమే. అతడు మౌనముగా నిలిచినను చెల్లును. నిషిద్ధ మందుల విషయమున క్రీడాకారునికి ఈ రక్షణ లేదు. మూత్రమున మందు కనబడినచో తప్పు స్థిరపడినట్లే. శిక్ష తప్పవలెనన్న, తన దోషము లేకయే అది ఒంట చేరినదని అతడే చూపవలెను.

2016లో రియో ఒలింపిక్సునకు ముందు నర్సింగ్ యాదవ్ అను భారతీయ మల్లునకు ఈ సంకటమే కలిగెను. అతని మూత్రమున మెథాండియనోన్ అను స్టెరాయిడు బయటపడెను. ఎవరో గిట్టనివారు ఆహారపానీయములలో కలిపిరని అతని పక్షము వాదించెను. జాతీయ సంస్థయగు నాడా విచారణ సంఘము ఆ మాట నమ్మి, ఆగష్టు 1వ తేదీన అతనిని విడిచిపెట్టెను. ప్రపంచ సంస్థయగు వాడా ఊరకుండలేదు. రియోలోనే కొలువుదీరిన క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమునకు అప్పీలు చేసెను. అక్కడ నిపుణుల సాక్ష్యము వేఱుగా నుండెను. దేహమున కనబడిన మోతాదు నీటిలో చల్లిన పొడివలన కలుగునది కాదట. మాత్ర మ్రింగినచో కలుగునదట. కలిపినవాడెవడో చూపు సాక్ష్యమేది? అనుమానము సాక్ష్యము కాజాలదు గదా! 18వ తేదీన నాలుగేండ్ల నిషేధము పడెను. మఱునాడే అతడు గోదాలో దిగవలసియుండెను.