మొదటి కొలువు: మద్యన్ బావి నుంచి మిర్చి గోదాము దాకా

ఇంటర్ ఫలితాలు వచ్చిన నెలలో జుమా నమాజు తర్వాత మస్జిద్ వరండాలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు నా కోసం ఆగుతారు. "హజ్రత్, ఉద్యోగం రావడానికి ఏదైనా వజీఫా చెప్పండి" అంటారు. చెప్పి పంపడం సులువే. కానీ ముందు వారిని కూర్చోబెట్టి సూరా ఖసస్‌లోని ఒక ఉదంతం వినిపిస్తాను.

హజ్రత్ మూసా (అ) ఈజిప్టు వదలి మద్యన్ చేరినప్పుడు ఆయనకు అక్కడ తెలిసినవారు లేరు, తల దాచుకునే చోటు లేదు. బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు తమ మందను అదుపు చేసుకుంటూ దూరంగా నిలబడి ఉంటే, ఆయన వారి పశువులకు నీళ్లు పెట్టారు. ఆ తర్వాతే నీడకు చేరి, ప్రభువు ఏ మేలు పంపినా తనకు అవసరమేనని వేడుకున్నారు. ముందు చేతులు కదిలాయి, తర్వాత దుఆ. ఆ అమ్మాయిలలో ఒకామె తండ్రితో, ఈయనను పనిలో పెట్టుకోండి, ఖవీ, అమీన్ అయినవాడే పనికి తగినవాడు అని చెప్పింది. ఖవీ అంటే పని చేయగలిగినవాడు, అమీన్ అంటే నమ్మదగినవాడు. తండ్రి ఎనిమిదేళ్లు, ఇష్టమైతే పదేళ్లు అని గడువు ముందే తేల్చారు. (ఆ పెద్దాయన షుఐబ్ (అ) అని చాలామంది ముఫస్సిర్లు రాశారు. ఖుర్ఆన్ పేరు చెప్పలేదు. మన పాఠానికి పేరుతో పని లేదు.)

ఖవీ సంగతి. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల తాతలు విల్లుతో దూది ఏకి బతికారు. యంత్రాలు వచ్చి ఆ విల్లు మూలపడింది. మనవడు అదే పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేరమంటే నామోషీ పడుతున్నాడు. ఐటీఐలో ఫిట్టరో ఎలక్ట్రీషియనో నేర్చుకోవడం చిన్నతనమా? దైవప్రవక్త (స) మక్కావారి మేకలను కొద్దిపాటి ఖీరాత్‌ల కూలికి మేపారని, హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టం తినేవారని బుఖారీలో ఉంది.

గడువు, జీతం ముందే తేల్చుకోవడం గల్ఫ్ వెళ్లేవారు మరీ గుర్తుంచుకోవాలి. పదో తరగతి పాసైనవారికి పాస్‌పోర్టుపై ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం ఉండదు. చదువు ఇచ్చిన ఈ సౌలభ్యమే దళారికి అనువుగా మారుతుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటా కాదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడకుండా అమ్మ గాజులు తాకట్టు పెట్టకండి. విజిట్ వీసా పని వీసా కాదు.

ఇక అమీన్ సంగతి. అసలు కష్టం ఇక్కడే.

ఇంటర్ పాసైన ఒక అబ్బాయి ఒక మిర్చి వ్యాపారి గోదాములో లెక్కలు రాసే పనిలో చేరాడు. మూడో వారం నా దగ్గరకు వచ్చాడు. "రాత్రిళ్లు టిక్కీలకు నీళ్లు పట్టిస్తున్నారు హజ్రత్. పెరిగిన తూకం నేనే రాస్తున్నాను. నా జీతం హలాలేనా?" అన్నాడు. తండ్రి లేడు. తల్లి మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్తుంది.

బాగా ఎండిన కాయ బస్తాలో తొక్కేటప్పుడు విరగకుండా కొద్దిగా తడి చూపడం ఉంది. కొనేవాడికి తెలిసి జరిగితే అది మోసం కాదు. తూకం కోసం దాచి పట్టించే నీళ్లు వేరు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడిని పైకి ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు (ముస్లిం). పైగా తడి మిర్చికి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది తినేది ఎవరి పిల్లలో!

అతనికి ఇలా చెప్పాను: లెక్కలు రాసే పని హలాల్, అబద్ధపు తూకం రాయడం పాపంలో సహకారం. ఈ రాత్రికే పని మానేయనక్కరలేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ ఈ రాత్రి నుంచే ఆ అంకె నీ చేత్తో రాయకు. యజమానితో ఒంటరిగా, మర్యాదగా చెప్పు. వేరే పని వెతుకుతూ ఉండు.

యజమాని కోప్పడ్డాడట. మరో గుమాస్తా చేత రాయించుకున్నాడట. రెండు నెలలు ఆ అబ్బాయి బస్తాల లోడింగు లెక్క మాత్రమే చూశాడు. ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజీలో రైతులకు బాండ్లు రాసి ఇస్తున్నాడు. జీతం మునుపటికన్నా తక్కువే. తల్లి ఇంకా తొడిమలకు వెళ్తూనే ఉంది.