నిలవ ఉన్న కారు – పెట్రోలు ట్యాంకు శుభ్రత

ఢిల్లీ జనక్‌పురిలో ఒక ఇంటిముందు ఏళ్ల తరబడి కదలని అంబాసిడర్ కారు ఉందనుకోండి. వీటి తయారీ 2014లో ఆగిపోయింది. దానిని మళ్లీ నడపాలంటే మొదట ట్యాంకును చూడాలి.

ట్యాంకు ఎందుకు పాడవుతుంది?
నిలవ పెట్రోలులోని తేలిక భాగం ఆవిరై, జిగురు మిగులుతుంది. నేడు పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను పీలుస్తుంది. నీరు అడుగున చేరి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు, జిగురు కలిసి కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాలను మూసివేస్తాయి.

ఏం చేయాలి?
1. ఆరుబయట పనిచేయండి. బ్యాటరీ తీగ విప్పండి.
2. పాత పెట్రోలును మూత ఉన్న లోహపు డబ్బాలోకి దించండి. కాలువలో పోయకండి. ఇక్కడి మురుగు నజఫ్‌గఢ్ కాలువ ద్వారా యమునకు చేరుతుంది.
3. ట్యాంకును విప్పి సబ్బునీటితో కడగండి. తుప్పు ఉంటే వెనిగర్ పోసి ఒక రోజు నానబెట్టండి. మళ్లీ కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టండి. మంట చూపవద్దు.
4. ఫిల్టరు, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయండి.

జాగ్రత్త!
పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. నేలబారున పాకి దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. ట్యాంకుకు చిల్లు ఉంటే సొంతంగా వెల్డింగుకు పూనుకోకండి.

పాఠగత ప్రశ్న
నిండు ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకు ఎందుకు ఎక్కువ ప్రమాదకరం?

జవాబు: మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. ఖాళీ ట్యాంకులో ఆ రెండూ ఉంటాయి.