తెలిసిన మొహమైనా సరే

అమ్ములూ,

నువ్వేం తప్పు చేయలేదు. ముందు ఆ మాట చెప్పి, తర్వాత తిడతాను. కాక్‌పిట్‌లో ఉండే అదనపు సీటు, అదే జంప్‌సీట్‌లో కూర్చోడానికి వచ్చిన సీనియర్ కెప్టెన్‌ని ఐడీ చూపించమంటే నలుగురి ముందు కసురుకున్నాడు, నీకు ఏడుపొచ్చింది. సరే. కానీ చివర్లో "ఇక తెలిసిన మొహమైతే అడగనులే అత్తా" అని రాశావు చూడు, అక్కడే నాకు కోపం వచ్చింది.

తెలిసిన మొహం సంగతే చెబుతాను. 1987 డిసెంబర్ 7న లాస్ ఏంజెలెస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరిన పీఎస్ఏ 1771 విమానం ఎక్కాడొకడు. పీఎస్ఏని అప్పటికే కొనుక్కున్న యూఎస్ఎయిర్ సంస్థ, కొద్ది రోజుల ముందే అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. ఉద్యోగం పోయింది గానీ ఐడీ కార్డు అతని దగ్గరే ఉండిపోయింది. అది పట్టుకుని తనిఖీ తప్పించుకుని, తుపాకీతో సహా విమానం ఎక్కాడు. తనని తీసేసిన అధికారీ అందులోనే ఉన్నాడు. గాల్లో ఉండగా కాల్పులు జరిపి, కాక్‌పిట్‌లోకి చొరబడ్డాడు. 43 మందీ పోయారు. ఆ తర్వాతే అమెరికాలో ఉద్యోగం పోయినవాళ్ల కార్డులు వెంటనే లాగేసుకోవాలన్నారు, సిబ్బందినీ తనిఖీ చేయాలన్నారు.

ఆ కార్డు నకిలీది కాదే తల్లీ! అచ్చమైనదే. కార్డు చెప్పేది అది చేతికిచ్చిన నాటి సంగతి. తలుపు దగ్గర నిలబడ్డ మనకి కావలసింది ఈ రోజు సంగతి. అందుకే అమెరికాలో వేరే సంస్థ పైలట్ జంప్‌సీట్ అడిగితే గేటు దగ్గరే కంప్యూటర్‌లో చూస్తారు. అతని సంస్థ రికార్డుల్లోంచి ఫోటో రావాలి, ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నట్టు కనబడాలి. నువ్వు గుర్తుపట్టే మొహం కూడా పాత కార్డులాంటిదే. పోయిన నెల నీతో కలిసి పనిచేసినాయన నిన్న సాయంత్రం సస్పెండయితే నీకెవరు చెప్పారు? కార్డు చూడు, ఆ రోజు జాబితాలో పేరు చూడు, సందేహముంటే విమానం నడిపే కెప్టెన్‌కి చెప్పు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. ఛైర్మన్ వచ్చినా, నిన్న చేరిన ట్రైనీ వచ్చినా అదే మాట, అదే గొంతు. మనిషిని బట్టి అడగడం మొదలుపెట్టావంటే, అడిగించుకున్నవాడికి నిజంగానే అవమానమవుతుంది. అందరినీ అడిగితే అది మన పనిలో భాగమని వాళ్లకీ తెలిసిపోతుంది.

"నేను చిన్నదాన్ని కదా" అనకు. 2023 ఫిబ్రవరిలో దుబాయ్ నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిర్ ఇండియా విమానంలో కెప్టెన్ తన స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చాడు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ఎయిర్ ఇండియాకి 30 లక్షల రూపాయల జరిమానా వేసింది, కెప్టెన్ లైసెన్సు 3 నెలలు సస్పెండ్ చేసింది. గట్టిగా అడ్డు చెప్పలేదని కో-పైలట్‌నీ హెచ్చరించింది. అంటే మన దగ్గర కూడా, పైవాడి ముందు నోరు మూసుకోవడం మర్యాదగా లెక్కకు రాలేదు.

ఇంత చూసినా తెలిసేది మనిషెవరన్నదే. మనసులో ఏముందో ఏ జాబితా చెప్పదు. 2023 అక్టోబర్‌లో అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ తరఫున ఎగురుతున్న హొరైజన్ విమానంలో జంప్‌సీట్‌లో కూర్చున్నాయన అసలైన పైలటే. ఉన్నట్టుండి ఇంజన్లు ఆపేసే హ్యాండిళ్లు లాగబోయాడు. పైలట్లు ఆపారు, కాక్‌పిట్‌లోంచి బయటికొచ్చాక క్యాబిన్ సిబ్బంది కట్టడి చేశారు. కాబట్టి కార్డు చూస్తూనే మనిషినీ చూడు. మాట తడబడుతోందా, కళ్లు ఎటు పోతున్నాయి?

ఇక తిట్లు. కాక్‌పిట్ తలుపు తీయించడానికి మీరేం చేస్తారో వాట్సాప్‌లో అంత వివరంగా రాస్తావా? నేను రిటైరయ్యాను, ఇప్పుడు నాకూ ఆ సంగతులు తెలియకూడదు. నీ ఫోన్లోనూ నా ఫోన్లోనూ ఒకేసారి పోయేలా తీసేయ్.

ఆ కెప్టెన్ కసురుకున్న సంగతి రిపోర్టులో రాశావా? రాయకపోతే రేపు డ్యూటీ ఎక్కేలోపే రాసెయ్యి. ఆయన మీద కక్షతో కాదు, నీ తర్వాత అదే తలుపు దగ్గర నిలబడే పిల్ల కోసం.

మీ అత్తయ్య