కందెననూనెను భద్రపరచు విధము

ఎడ్లబండి యిరుసునకు ఆముదమున గడ్డిమసి కలిపి పూయుట మన పల్లెలలో పూర్వపు వాడుక. దానినే కందెన యనిరి. నేటి యంత్రములకు కావలసిన కందెన పెక్కుపాలు ముడినూనెనుండి తీయబడి, పీపా యొక్కంటికి సుమారు 200 లీటర్ల చొప్పున కార్ఖానాలకు చేరుచున్నది. ఈ నూనె యంత్రములో పడిన పిమ్మటనే పాడగునని పలువురు తలంతురు. పీపాలో నుండగనే పాడగుటయు కలదు.

మే మెరిగిన యొక బియ్యపు మరలో వానకాలమున నూనెపీపాను ఆరుబయట నిలువుగా నుంచిరి. బిరడా గట్టిగానే బిగించిరి. రెండు మాసములకు తెరచి చూడగా అడుగునూనె పాలవలె తెల్లబడియుండెను. పనివాడు నీరు కలిపెనని వానిపై నింద మోపిరి. నిజమునకు నీటిని త్రాగినది పీపాయే.

అది యెట్లన, పగటి యెండకు లోపలి నూనెయు గాలియు వ్యాకోచించును. గాలి కొంత బిరడామరల సందులగుండ వెలికి పోవును. సాయంకాలము వాన పడగనే పీపా చల్లారి, లోపలి యొత్తిడి తగ్గును. పీపా పైభాగమునకు అంచు ఉండుటచే వాననీరు బిరడాచుట్టు నిలిచియుండును గదా! బయటి వాయుపీడన మా నీటిని సందులగుండ లోనికి నెట్టును. ఒకనాటికి కొన్ని చుక్కలే కావచ్చును గాని, ఎండయు వానయు దినదినము మారుచుండ అది యెంతకు పెరుగునో విద్యార్థులే యూహింపవచ్చును.

కావున పీపాలను కప్పుక్రింద నుంచవలెను. చోటు లేనిచో దూలములపై అడ్డముగా పరుండబెట్టి, దొర్లకుండ చీలలు పెట్టి, రెండు బిరడాలును గడియారమున 3, 9 అంకెలవలె ఒకే మట్టమున నుండునట్లు త్రిప్పవలెను. అప్పుడు లోపల నూనెయే బిరడాలను కప్పియుండును. గాలి రాకపోకలకు దారి యుండదు.

దుమ్ము నీటికంటె మోసకారి. మిల్లీమీటరులో వేయవవంతు మైక్రాను. సుమారు 40 మైక్రానులకు తక్కువైన రేణువు మన కంటికి కానరాదు. బేరింగులోని నూనెపొర యన్ననో తరచు ఒక మైక్రానుకు అటునిటుగా నుండును. కంటికి శుభ్రముగా తోచిన నూనెయు బేరింగును కొరుకవచ్చును. బిరడా విప్పుటకు ముందే పీపా తలను తుడువవలెను. మూతలేని బొక్కెనతో నూనె మోయరాదు. ఒక్కొక నూనెకు వేరు పాత్ర, దానిపై వేరు రంగు గుర్తు ఉండవలెను. తడిగరిటెను ఊరగాయజాడీలో పెట్టనీయని మన తల్లులు ఈ గిడ్డంగులకు మంచి యధికారులు కాగలరు.

గ్రీజు విషయమున నింకొక చిక్కు. లిథియము, కాల్షియము, సోడియము సబ్బులతో చేసిన గ్రీజులు విడివిడిగా మంచివే యైనను, కలిపినచో పలుచనై కారిపోవచ్చును. గ్రీజుతుపాకి యొత్తిడికి చర్మము చిల్లుపడినచో ముల్లు గ్రుచ్చినట్లే కనబడును, నొప్పియు తొలుత స్వల్పమే. అయినను తక్షణమే శస్త్రవైద్యుని యొద్దకు పోవలెను. ఆలస్యమైన వ్రేలే పోవచ్చును.

తరువాతి యేడు మేము ఆ మరకు పోయినప్పుడు పీపాలు కొట్టములో వరుసగా పరుండియుండెను. ఒక్కొకదానిపై వచ్చిన తేదీయు, బిరడాలయొద్ద 3, 9 అంకెలును సుద్దతో వ్రాసియుండెను. వ్రాసినది నిందపడిన యా పనివాడే.