బైబిలు పాఠము: చేతిలోని రాయి

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 23:1–2, ద్వితీయోపదేశకాండము 17:6–7, యోహాను 8:1–11.

ముఖ్యాంశము: గుంపులో నున్నను, తన చేతిలోని రాయికి ప్రతివాడును తానే లెక్క చెప్పవలెను.



పూర్వము ఒక గ్రామములో పుట్టిన నింద ప్రక్క గ్రామము చేరుటకు సంత దినము రావలసియుండెను. ఇప్పుడు అన్నము ఉడుకునంతలో అది దేశమంతయు తిరిగివచ్చుచున్నది. మన యిండ్లలో పెద్దల చేతను పిన్నల చేతను ఫోను కలదు. ఒక మాటగాని వీడియోగాని చేతినుండి చేతికి పోయి లక్షలమందికి చేరినయెడల, అది ‘వైరల్’ అయినదని చెప్పుకొందురు. చూచువారికి అది కొంతసేపటి కాలక్షేపము. అయితే అందులో నున్న మనుష్యునికి ఏమి సంభవించునో మనము ఆలోచించుచున్నామా?

1. అబద్ధ వర్తమానము

2018వ సంవత్సరమున, పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి మన దేశమందు వాట్సాపు ద్వారా వ్యాపించెను. దానితోకూడ తిరిగిన వీడియోలలో ఒకటి, పాకిస్తానులోని కరాచీ పట్టణమున పిల్లల క్షేమము కొరకు తీసిన చిత్రము. అందులో మోటారు సైకిలుమీద వచ్చినవారు ఒక బాలుని ఎత్తుకొనిపోయి, వెంటనే తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్తపడుడని తెలుపు పలకను చూపుదురు. ఎవరో ఆ కడపటి భాగమును కోసివేసిరి. బోధ పోయి భయము మిగిలెను.

ఆ సంవత్సరము జూలై 1న మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడ గ్రామములో, భిక్షమెత్తి బ్రదుకు సంచారజాతివారు ఐదుగురు ఈ అనుమానమువలన కొట్టబడి చనిపోయిరి. జూలై 13న హైదరాబాదునుండి కొందరు మిత్రులు కారులో కర్ణాటకలోని బీదరు జిల్లాకు వెళ్లిరి. అక్కడ దారిలో కనబడిన బడిపిల్లలకు చాక్లెట్లు పంచిపెట్టిరి. ప్రేమతో చేసిన ఆ పనియే అనుమానమునకు కారణమాయెను. వారు భయపడి కారులో పారిపోవుచుండగా, వారికంటె ముందుగా వర్తమానము వాట్సాపులో ముర్కి గ్రామము చేరెను. అక్కడివారు త్రోవ కడ్డము పెట్టిరి. పోలీసులు కాపాడ ప్రయత్నించినను, హైదరాబాదులో ఉద్యోగము చేసికొనుచున్న యొక యౌవనుడు ప్రాణము విడిచెను. అతని తోటివారు గాయపడిరి. కొట్టినవారిలో అతనిని మునుపు ఎరిగినవాడెవడు?

నిర్గమకాండము 23వ అధ్యాయపు మొదటి రెండు వచనములను ఇప్పుడు మరల చదువుడి. పుకారు పుట్టించుట మొదటి వచనములోను, గుంపుతో కలిసి కీడు చేయుట రెండవ వచనములోను నిషేధింపబడినవి. ఈ రెండును ప్రక్కప్రక్కనే యుండుట ఊరక కాదు. నోరు వేసిన త్రోవనే కాళ్లు నడచును.

2. నిజమైన తప్పు

“అబద్ధమైతే పాపమే, నిజముగా తప్పు చేసినవానిని చూపిన తప్పేమి?” అని కొందరడుగుదురు. 2013లో ఒక స్త్రీ ఆఫ్రికాకు విమానమెక్కుటకు ముందు, ఎయిడ్స్ వ్యాధిని గూర్చి తగని పరిహాసము తన ఫోనులో వ్రాసెను. ఆమె వ్రాతలను చదువువారు సుమారు 170 మంది మాత్రమే. పదకొండు గంటల ప్రయాణములో ఆమె నిద్రించుచుండగా ఆ మాట లోకమంతయు పాకెను. విమానము దిగునప్పటికి ఆమె పేరు లక్షలమంది నోట నుండెను. పిమ్మట ఉద్యోగమును పోయెను. ఆమె తప్పు చేయలేదని చెప్పము. అయితే ఒక్క వాక్యమునకు ఒక మనిషి బ్రదుకంతయు వెల కట్టిన న్యాయాధిపతి ఎవరు? ఒక్కొక్కరు విసరినది చిన్న రాయియే గనుక, పడగొట్టినవాడను నేనని ఎవరును అనుకొనరు.

మోషే ధర్మశాస్త్రము ఈ చిన్న రాళ్లను గూర్చి ఎంత జాగ్రత్తపడెనో చూడుడి. ఒక్కని సాక్ష్యము చాలదు. ఇద్దరు ముగ్గురు కావలెను. పైగా సాక్షి చెయ్యియే మొదట లేవవలెను. అనగా నేరము మోపువాడు ఆ మనిషి ముఖము చూచి నిలువవలెను. ఫోనులో రాయి వేయువాడు ముఖము చూడడు, రక్తము చూడడు. వేసి, అన్నము తిని పండుకొనును.

యోహాను 8వ అధ్యాయములోని వారు గుంపుగా వచ్చిరి, ఒక్కొక్కరుగా వెళ్లిరి. ప్రభువు గుంపుతో వాదింపలేదు. ప్రతివానిని తన మనస్సాక్షియొద్దకు పంపెను. మొదట వెళ్లినవారు పెద్దలే. కడపట ఆ స్త్రీయొద్ద నిలిచినవాడు ప్రభువొక్కడే. ఆయన ఆమె పాపమును పాపము కాదనలేదు. ఇకను పాపము చేయక బ్రదుకుమని పంపెను.

3. మనము చేయవలసినది

ఆ 2018లోనే తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి, తన పోలీసులను గ్రామగ్రామమునకు పంపి, పాటలతోను డప్పులతోను ఈ వదంతులు నమ్మవద్దని ప్రజలకు బోధింపజేసిరి. ఆ జూలైలోనే వాట్సాపువారు మన దేశములో ఒక వర్తమానమును ఒకసారి ఐదింటికి మించి పంపకుండ హద్దు పెట్టిరి. అయితే వ్రేలికి హద్దు పెట్టవచ్చును గాని హృదయమునకు ఎవరు పెట్టుదురు?

(అ) చూచినవారెవరో తెలియని మాటను పంపకుడి. (ఆ) సహోదరుని తప్పు నిజమైనచో, మత్తయి 18:15 ప్రకారము మొదట అతనియొద్దకే ఒంటరిగా వెళ్లుడి. (ఇ) పొరపాటున పంపినయెడల, అదే గ్రూపులో “నేను పంపినది అబద్ధము, క్షమించుడి” అని వ్రాయుడి. పంపుటకు సిగ్గుపడని మనము దిద్దుకొనుటకు సిగ్గుపడనేల? (ఈ) మన పేటలో ఒక ఆడబిడ్డ ఫొటో ఈలాగు బయటపడినయెడల, పెద్దలు ఆ దినమే ఆ యింటికి వెళ్లవలెను. ఆ తలుపు మూసికొనియుండును, పొయ్యి వెలిగియుండదు. వివరములు అడుగుటకు కాదు, కూర్చుండుటకు వెళ్లుడి. అవసరమైతే పోలీసు ఠాణాకు తోడుగా నడువుడి. వచ్చు ఆదివారమున ఆ బిడ్డను మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనుడి.

చర్చించుటకు ప్రశ్నలు:
1. గడచిన వారము నేను విచారింపక పంపిన మాట ఏది?
2. యోహాను 8లో పెద్దలు మొదట వెళ్లుటవలన మన సంఘ పెద్దలు నేర్చుకొనవలసినది ఏమి?
3. నిందపడిన కుటుంబము మన మధ్య కలదా? వారి యింటికి ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: ప్రభువా, మా చేతులలోని రాళ్లను మాకు చూపుము. వాటిని నేల విడిచి, గాయపడినవారియొద్దకు వట్టి చేతులతో వెళ్లు కృప మాకు దయచేయుము. ఆమేన్.